వాన వెలిశాక చూడాల్సిన నీళ్ళు

హైదరాబాద్‌లో రెండు రోజులు ముసురు పట్టిందంటే చాలు, ఫోన్ నిండా జలపాతాల వీడియోలే. శనివారం తెల్లారేసరికి సగం ఊరు శ్రీశైలం రోడ్డు మీదో వరంగల్ రోడ్డు మీదో ఉంటుంది. నన్నడిగితే జులై, ఆగస్టు వారాంతాలను ఆ వీడియోలకే వదిలేయమంటాను. నీళ్ళు దండిగానే ఉంటాయి, కాకపోతే ఎర్రటి బురదనీళ్ళు. ప్రమాదమని దగ్గరికి పోనివ్వరు. పార్కింగు దగ్గరే సగం పొద్దు పోతుంది. సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా, అదీ వారం మధ్యలో సెలవు దొరికితే, మన కొండలకూ చెరువులకూ అసలు కాలం.

మల్లెల తీర్థం జలపాతాన్నే తీసుకోండి. శ్రీశైలం హైవే మీద నగరం నుంచి 185 కిలోమీటర్లు. మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక, అడవి మధ్యలో వటవర్లపల్లి దగ్గర హైవే దిగి లోపలికి పోవాలి. కారు లేనివాళ్ళు ఎంజీబీఎస్ బస్‌స్టాండులో శ్రీశైలం బస్సెక్కి వటవర్లపల్లిలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. రానూపోనూ, వెయిటింగుతో కలిపి బేరం ముందే తేల్చుకోండి. లోపలికి పోయాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. మమ్మల్ని తీసుకెళ్ళిన ఆటో అతను దారిలో ఒక మాటన్నాడు: "వాన బందైనంక రెండు మూడు దినాలాగి రావాలె అన్నా, గప్పుడు నీళ్ళు తేటగుంటయ్." ఈ సీజన్ గురించి నేను విన్న సలహాల్లో ఇంతకు మించింది లేదు.

కిందికి 350 దాకా మెట్లున్నాయి. దిగేటప్పుడు అందరూ పాటలు పాడతారు, ఎక్కేటప్పుడు ఎవరి నోటా మాట రాదు. ఈ జలపాతం ఒకే ధారగా దూకే రకం కాదు. నాచు పట్టిన బండ మీద నుంచి, వేలాడే చెట్టు వేళ్ళ మీద నుంచి పాయలు పాయలుగా జారుతుంది. వేళ్ళ చివర్ల నుంచి బొట్లు బొట్లుగా రాలే నీళ్ళు కూడా చెవికి విడిగా వినిపిస్తాయి, జనం లేకపోతే. గుండంలో పాదాలు పెట్టి కదలకుండా కూర్చుంటే చిన్న చేపలొచ్చి మడమలు కొరుకుతాయి. బండలు మాత్రం జారుడు. కొత్త చెప్పుల కన్నా అట్ట అరగని పాత బూట్లు మేలు. తినడానికి ఇంటి నుంచే పులిహోర కట్టుకెళ్ళండి, ప్లాస్టిక్ కవర్లు వద్దు. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. కోతులకు బిస్కెట్లు వేయడం కూడా నేరమే.

బ్యాక్‌ప్యాకింగ్ అనగానే అడవిలో గుడారం వేసుకుందామనుకునేవాళ్ళకు ఇక్కడ కుదరదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా హైవే మీదే రాకపోకలు ఆపేస్తారు. ఉండాలంటే మన్ననూర్‌లో అటవీశాఖ కాటేజీలున్నాయి. సఫారీ, చిన్న ట్రెక్కు కలిపి ప్యాకేజీగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. పులి కోసం కళ్ళు కాయలు కాచేలా చూడకుండా దుప్పులకూ నెమళ్ళకూ సరిపెట్టుకుంటే డబ్బుకు న్యాయం జరిగినట్టే.

నా సీజన్ లెక్క చెల్లని చోటు ఇదే అడవిలో ఉంది: సలేశ్వరం, లోయలో జలపాతం పక్కన లింగమయ్యగా కొలిచే శివుడి చోటు. చైత్ర పౌర్ణమి జాతరకు కొద్ది రోజులు మాత్రమే దారి తెరుస్తారు, అంటే మండే ఎండల్లో. బండి దిగాక కొండలు దిగుతూ ఎక్కుతూ రాళ్ళ దారిలో నడక. పోయేవాళ్ళు "వస్తున్నాం లింగమయ్యా" అంటే, ఎదురుగా తిరిగొచ్చేవాళ్ళు "పోతున్నాం లింగమయ్యా" అంటారు. చుట్టూ అడవంతా ఎండి ఉన్నప్పుడు లోయలో నీళ్ళు పడుతుంటాయి. తొక్కిసలాటంత రద్దీ ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు చెప్పను. ట్రెక్కింగ్ పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కసారైనా పోవాలి.

వరంగల్ వైపు వస్తే అందరూ అడిగేది బొగత జలపాతం. పొద్దున పోయి రాత్రికి రావచ్చని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. వాజేడు దాకా దాదాపు మూడొందల కిలోమీటర్లు, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన వచ్చాక దారి తగ్గినా అంతే. వెడల్పుగా బండల మీద నుంచి దూకే నీళ్ళు చూడటానికి గొప్పగానే ఉంటాయి, కానీ వరద ఉన్నప్పుడు కంచె ఇవతలే నిలబడాలి. నడక దాదాపు లేదు. అంత దూరం దానికోసమే పోతే నాకైతే గిట్టుబాటు కాదు.

అందుకే లక్నవరంలో రాత్రి ఉండి, మర్నాడు బొగతకు పోవాలి. లక్నవరం కాకతీయుల కాలం చెరువు, కొండల మధ్య సందులకు కట్ట వేసి నీళ్ళు నిలిపారు. వానలు పోయిన నెలకు కూడా నిండుగా ఉంటుంది. జలపాతాల కన్నా నాకు చెరువులంటే మోజు ఇందుకే. చెరువులోని దీవి మీది పర్యాటకశాఖ కాటేజీకి వేలాడే వంతెన మీద నడిచి చేరాలి. పగటి సందర్శకులంతా సాయంత్రం వెళ్ళిపోయాక వంతెన మొత్తం బస చేసినవాళ్ళదే. వారాంతాల్లో గదులు దొరకడం కష్టం, ముందే చూసుకోండి. హనుమకొండ నుంచి ములుగు మీదుగా బస్సులున్నాయి, చివరి దారికి ఆటోనే గతి. దారిలో పాలంపేట రామప్ప గుడి వదలొద్దు. 1213 నాటి శిల్పం, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వెనకున్న రామప్ప చెరువు కట్ట మీద సాయంత్రం నడకకు ఎవరూ పోరు, మీరు పొండి.

ఉత్తరాన కుంటాల జలపాతం సంగతి రెండు ముక్కల్లో. కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది, మెట్లు చాలా, ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ చాలామంది. పైనుంచి చూసి, దగ్గర్లోని పొచ్చెర జలపాతానికి పోయి భోంచేయండి.

ఒక్క పూటే ఉందా, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు చాలు. 1908లో హైదరాబాద్‌ను వరదతో ముంచి, ఉస్మాన్‌సాగర్ జలాశయం కట్టడానికి కారణమైన మూసీ నది పుట్టేది ఇక్కడే, అయితే పుట్టిన చోట చూసి ఇదేనా అనుకుంటారు. పద్మనాభస్వామి గుడి దగ్గర నుంచి అడవి దారి అక్టోబరులో ఇంకా పచ్చగానే ఉంటుంది, రోడ్డు పక్క సీతాఫలాల బుట్టలు. కోటపల్లి చెరువులో కయాకింగ్ పిల్లలకు సరదా. గుడారాల్లో రాత్రి బసలు ఇప్పుడు చాలానే వచ్చాయి. మేం దిగిన ఒక చోట, పేరు ఎందుకులెండి, 'ప్రకృతి ఒడిలో' అని రాసుకుని అర్ధరాత్రి దాటేదాకా డీజే పెట్టారు. ముందే ఫోన్ చేసి మూడడగండి: పాటలు ఎన్నింటికి ఆపుతారు, ఎంతమందికి ఒక బాత్రూం, పొద్దున టిఫిన్ లెక్కలో ఉందా. జవాబు నసిగితే బస వద్దు. వికారాబాద్ జంక్షన్‌కు పొద్దున రైల్లో పోయి, అక్కడ ఆటో పట్టి, సాయంత్రానికి తిరుగు రైల్లో లింగంపల్లిలో దిగితే నగరంలోకి ఎంఎంటీఎస్ లోకల్ రైలు దొరుకుతుంది.