గ్లకోమా చుక్కలతో తొమ్మిదేళ్లు: ప్రెషర్ దిగింది, కార్నియా అలిగింది

గ్లకోమా అంటే చాలావరకు కంటి లోపలి ఒత్తిడి (ప్రెషర్) పెరిగి కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు. మందు మొదలుపెట్టినప్పుడు నా కంటి ప్రెషర్ కుడివైపు 27, ఎడమవైపు 25. రాత్రి పడుకునే ముందు ఒక్కో చుక్క లాటనోప్రోస్ట్ వేసుకుంటే రెండు నెలల్లో 17కు వచ్చింది. ఆ విషయంలో దీనికి వంక పెట్టలేను. కనురెప్పల వెంట్రుకలు మాత్రం పొడవుగా, నల్లగా పెరిగాయి. యాభై దాటిన మగవాడికి ఆ సోకు ఎందుకో!

నాలుగో ఏడు ప్రెషర్ మళ్లీ ఎక్కడంతో టిమొలాల్, ఆపైన డోర్జొలమైడ్ తోడయ్యాయి. కంటికి రోజుకు అయిదు చుక్కలు. డోర్జొలమైడ్ పడగానే కన్ను భగ్గుమనేది, కాసేపటికి నోరు చేదయ్యేది. అది నిమిషంలో పోయే బాధ.

పోని బాధ మెల్లగా వచ్చింది. లేవగానే కళ్లలో ఇసుక పోసినట్టుండేది. పేపరు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయేవి, నాలుగుసార్లు రెప్పలు ఆర్పితే తేటపడేవి. పవరు మారిందనుకుని కళ్లజోడు మార్పించాను. డబ్బు దండగ.

చివరికి డాక్టరుగారు రంగుమందు అద్దిన నారింజ కాగితపు పట్టీని కంటికి తాకించి, నీలం వెలుతురులో చూసి, ఫోటో తీసి చూపించారు. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, కింది సగమంతా గసగసాలు చల్లినట్టు ఆకుపచ్చ చుక్కలు. పైపొర కణాలు దెబ్బతిన్న చోటల్లా ఆ రంగు పట్టుకుంటుందట.

ప్రధాన దోషి సీసాలోని ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపేది), బెంజాల్కోనియం క్లోరైడ్. నేను వాడిన లాటనోప్రోస్ట్‌లో అది 0.02 శాతం. సబ్బు జాతి పదార్థం. సూక్ష్మజీవుల పొరను చీల్చే ఆ గుణమే కన్నీటిపై ఉండే నూనె పొరనూ చెదరగొడుతుంది, కార్నియా కణాలనూ గాయపరుస్తుంది. పైగా టిమొలాల్ కార్నియా స్పర్శను కొంత మందగింపజేయవచ్చు. చుక్క పడిందో లేదో తెలియక నేను ఇంకోటి వేసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు ఫ్రిజ్ తలుపులో పెట్టుకుంటున్నాను, చల్లగా తగిలితే పడినట్టు.

విసుగెత్తి ఒకసారి నాకు నేనే వారం రోజులు అన్నీ మానేశాను. కళ్లు హాయిగానే ఉన్నాయి, ప్రెషర్ మాత్రం 24 చూపించింది. చీవాట్లు తిన్నాను, న్యాయమే. కార్నియా పైపొర మళ్లీ మొలుస్తుంది, పోయిన కంటి నరం తిరిగి రాదు.

ఆ తర్వాత ప్రిజర్వేటివ్ లేని లాటనోప్రోస్ట్, మిగతా రెండూ కలిపిన చిన్న గొట్టాలు రాశారు. రోజుకు మూడు చుక్కలే. ఆరు వారాలకు ఇసుక పోయింది. మళ్లీ రంగు వేసి చూస్తే అక్కడక్కడ నాలుగైదు చుక్కలు మిగిలాయి. ప్రెషర్ 16. డోర్జొలమైడ్ మంట మాత్రం అలాగే ఉంది, అది మందు స్వభావం. ఇంకో సంగతి: నా కార్నియా మందం 512 మైక్రాన్లు (దాదాపు అర మిల్లీమీటరు), సగటు 540 దాకా ఉంటుంది. పలుచని కార్నియా మీద ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. లాటనోప్రోస్ట్ కూడా దాన్ని కాస్త పలుచన చేయగలదు కాబట్టి ఇప్పుడు ఏటా కొలుస్తున్నారు.

ఖర్చు రెండింతలు దాటింది. గొట్టం మూత తుంచడానికి ఇప్పటికీ మా ఆవిడే దిక్కు. విప్పినదాన్ని ఆ పూటే పారేయాలి. అడుగున ఇంకా రెండు మూడు చుక్కలు కనిపిస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.