మదర్‌బోర్డు మారిస్తే పాత విండోస్ ఉంచడమా, కొత్తది వేయడమా: ఏది మేలు?

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ కంప్యూటర్ దుకాణంలోనైనా "మదర్‌బోర్డు, ప్రాసెసర్ మార్చాలి" అని చెప్పి చూడండి. ధర చెప్పేలోపే ఇంకో మాట వచ్చేస్తుంది: "ఫార్మాట్ చేయాల్సిందే సార్." అంటే డిస్క్ తుడిచి విండోస్‌ను మొదటినుంచీ కొత్తగా వేయడం. మహబూబ్‌నగర్‌లో అడిగినా ఇదే జవాబు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఈ మాటకు తిరుగులేదు. ఇన్‌స్టాల్ చేసిన రోజున డిస్క్‌ను నడిపే ఏ కంట్రోలర్ బోర్డు మీద ఉంటే దాని డ్రైవర్‌నే (ఆ పరికరంతో విండోస్ మాట్లాడే చిన్న సాఫ్ట్‌వేర్) ఎక్స్‌పీ గుర్తుపెట్టుకునేది. బోర్డు మారగానే తన డిస్క్ తనకే దొరక్క నీలం తెర వేసి కూర్చునేది. విండోస్ 10, 11 అలా మొరాయించవు. కొత్త బోర్డు మీద మొదటిసారి ఆన్ చేసినప్పుడు పరికరాలను సిద్ధం చేస్తున్నామని చెప్పి, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అయి, చాలావరకు మామూలుగానే లేస్తాయి.

కాలం మారినా దుకాణం మాట మారలేదు. అందులో దురుద్దేశం ఉందని అనను. ఫార్మాట్ చేస్తే వాళ్లకు పని ఒక్క పూటలో తేలిపోతుంది, తర్వాత ఫిర్యాదులూ తక్కువ. ఆ కంప్యూటర్ మీదే బతికేవారికి మాత్రం, సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ వేసుకుని గాడిన పడేసరికి రోజులు పడుతుంది. ఎవరి సౌకర్యం వారిది కాబట్టి, ఏది మేలో మనమే తేల్చుకోవాలి.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి కారణముంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళంచెవులు దాచే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే 8వ జనరేషన్ లేదా ఆపై ప్రాసెసర్ కావాలంటారు. మన ఊళ్లలో నెట్ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, పెళ్లిపత్రికల డీటీపీ దుకాణాలు చాలావరకు 3వ, 4వ జనరేషన్ యంత్రాలతోనే నెట్టుకొస్తున్నాయి. మొత్తం కొత్తది కొనే స్తోమత లేనివారు కేబినెట్, మానిటర్, డిస్క్ అలాగే ఉంచుకుని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ తెచ్చుకుంటున్నారు. చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

ముందుగా చిక్కులేనివి పక్కన పెడదాం. ర్యామ్ పెంచితే విండోస్‌ను ముట్టుకోనక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు మారిస్తే పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేస్తే చాలు. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారడమైతే క్లోన్ చేసుకోండి, అంటే డిస్క్ మొత్తానికి నకలు తీసుకోండి. లైసెన్సు, సాఫ్ట్‌వేర్లు, తెర మీది ఐకాన్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. ఈ మూడింటికీ ఎవరైనా ఫార్మాట్ అంటే ఇంకో దుకాణం చూసుకోవచ్చు.

బోర్డు మార్పు దగ్గరే అసలు తూకం.

పాత విండోస్ ఉంచుకోవడంలో ఉన్న లాభం సమయం ఒక్కటే కాదు, మళ్లీ దొరకని సాఫ్ట్‌వేర్లు దక్కడం. డీటీపీ దుకాణాన్నే తీసుకోండి. అక్కడ ఇంకా నడిచేది పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, దానికి తోడు తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చి 20 ఏళ్లు దాటింది. ఆ సీడీ ఎక్కడుందో తెలియదు, దొరికినా చదివే డ్రైవ్ ఉండదు. ఏళ్ల తరబడి కూర్చిన పత్రికల ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఆ ఫాంట్లలోనే ఉంటాయి. ఫాంట్ సరిగా కూర్చోకపోతే తెరిచిన ప్రతి పేజీలోనూ పిచ్చిగీతలే. కీబోర్డు అమరిక, ప్రింటర్‌కు పెట్టుకున్న మార్జిన్లు, సగం కొలత కార్డుకు ఒకటి, పోస్టర్‌కు ఒకటి చేసుకున్న నమూనాలు, ఇవన్నీ ఏ బ్యాకప్‌లోనూ పూర్తిగా రావు. పెళ్లిళ్ల సీజన్‌లో ఇలాంటి యంత్రాన్ని ఫార్మాట్ చేయమని నేను చెప్పను.

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల లెక్కల గదిలో కథ కొంచెం వేరు. అక్కడ నడిచేది లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ. దాని డేటా ఒక ఫోల్డర్ మాత్రమే, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. కానీ లైసెన్సు యంత్రానికి ముడిపడి ఉంటుంది. కాబట్టి ఏ దారి పట్టినా బోర్డు విప్పడానికి ముందే, పాత యంత్రం ఇంకా నడుస్తుండగానే, ట్యాలీలో లైసెన్సు సరెండర్ చేసి (తిరిగి అప్పగించి), కొత్తదానిలో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. ఇది మిల్లు సేటుకూ తెలియదు, బోర్డు మార్చే కుర్రాడికీ తెలియదు. తెలిసిన గుమాస్తా ఆ రోజు సెలవులో ఉంటాడు. జీఎస్టీ రిటర్న్ గడువు రేపనగా ఈ పని పెట్టుకోకండి.

ఇక పాతది ఉంచుకునే దారిలో గుంతలు. మొదటిదీ పెద్దదీ బూట్ పద్ధతి, అంటే ఆన్ చేయగానే బోర్డు డిస్క్ నుంచి విండోస్‌ను లేపే తీరు. పాత యంత్రాల్లో విండోస్‌ను చాలాసార్లు పాత బయోస్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత విభజన తీరున్న డిస్క్ మీద వేసి ఉంటారు. ఇప్పుడొచ్చే బోర్డులు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో, జీపీటీ అనే కొత్త విభజన తీరున్న డిస్క్ కోసం చూస్తాయి, చాలావాటిలో పాత పద్ధతే లేదు. అప్పుడు డిస్క్ బాగానే ఉన్నా బూట్ చేయడానికి ఏమీ లేదంటుంది. దుకాణంలో "చూశారా, ఫార్మాట్ తప్పదు" అనేది ఈ క్షణంలోనే. నిజానికి డేటా పోకుండా ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే పనిముట్టును 2017 నుంచి విండోస్ 10తో పాటే ఇస్తున్నారు. దాని పేరు ఎంబీఆర్2జీపీటీ. అయితే దానికో షరతు ఉంది: డిస్క్‌లో ప్రైమరీ విభాగాలు మూడుకు మించకూడదు, లాజికల్ విభాగాలు (ఒక పెద్ద విభాగం లోపల చేసిన ముక్కలు) అసలు ఉండకూడదు. మన దగ్గర ఒకే డిస్క్‌ను సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేసి ఇవ్వడం పాత అలవాటు కదా, అందులో వెనక ముక్కలు తరచూ లాజికల్ విభాగాలే. వాటిలోని ఫొటోలు, ఫైళ్లు బయటి డిస్క్‌లోకి మార్చి, ఆ విభాగాలు తీసేశాకే మార్పిడి జరుగుతుంది. ఇంత చేయడానికి ఓపిక లేకపోతే కొత్తగా వేయించుకోవడమే నయం, అందులో తప్పేమీ లేదు.

రెండోది బిట్‌లాకర్, డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు. కొన్ని యంత్రాల్లో, ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టినవాటిలో, డిస్క్‌కు తాళం పడి ఉన్న సంగతి యజమానికే తెలియదు. తాళంచెవి బోర్డు మీదో ప్రాసెసర్‌లోనో ఉన్న టీపీఎంలో ఉంటుంది. అది మారగానే తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని బోర్డు విప్పే ముందు సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే ఆపేయండి, లేదా కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంకొకటి, చివరిసారి ఆపేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ నిద్ర కొత్త బోర్డు మీద చెదిరితే తిప్పలే.

లైసెన్సు సంగతి రెండు దారుల్లోనూ ఒకటే, ఇక్కడే చాలామంది పొరపడతారు. బోర్డు మారితే మైక్రోసాఫ్ట్ లెక్కలో అది కొత్త కంప్యూటర్. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు అయితే కొత్త బోర్డుకు తీసుకెళ్లొచ్చు. ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాకు కలిపి ఉంచి, మార్పు తర్వాత యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెబితే చాలు. కంపెనీ కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు పాత బోర్డుతోనే పోతుంది. పాత విండోస్ ఉంచుకున్నా కొత్తది కొనాలి, ఫార్మాట్ చేసినా కొనాలి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే కీలు బోర్డు మార్పును తట్టుకుంటాయన్న నమ్మకం పెట్టుకోకండి. క్రాక్ చేసిన విండోస్ ఉన్నవారు మాత్రం దాన్ని కొత్త యంత్రంలోకి మోసుకెళ్లడంలో అర్థం లేదు. దానితో పాటు ఏమేం వచ్చి కూర్చున్నాయో ఎవరు చూశారు?

కొత్తగా వేయడం వైపు బలమైన వాదన శుభ్రత. ఏళ్ల తరబడి పేరుకున్న పాత డ్రైవర్లు, ఎవరో వేసిన మూడు యాంటీవైరస్‌లు, స్టార్టప్‌లో వరుస కట్టిన చెత్త అంతా పోతుంది. ఇంటెల్ నుంచి ఏఎండీకి, లేదా అటు నుంచి ఇటు మారేవారికి ఇది మరీ ఉపయోగం. పాతదాన్ని ఉంచుకున్నప్పుడు అప్పుడప్పుడూ శబ్దం ఆగిపోవడం, కారణం తెలియకుండా రీస్టార్ట్ అవడం వంటివి వస్తే తప్పు కొత్త బోర్డుదో పాత డ్రైవర్‌దో తేల్చడం కష్టం. వారంటీ ఉండగానే బోర్డు లోపం పట్టుకోవాలంటే శుభ్రమైన విండోస్ మీద పరీక్షించడమే మార్గం. వేగమైన ఎన్వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ వేయడం అరగంట పని. అసలు ఖర్చు ఆ తర్వాత వేసుకునే సాఫ్ట్‌వేర్లలో ఉంది. చదువుకునే పిల్లల యంత్రానికి, బ్రౌజర్, ఆటలు తప్ప ఏమీ లేని ఇంటి కంప్యూటర్‌కు ఆ ఖర్చు దాదాపు సున్నా. వాళ్లు రెండో ఆలోచన లేకుండా కొత్తగా వేసుకోవచ్చు. విండోస్ 7 ఉన్నవారికి ఎంపికే లేదు. కొత్త బోర్డుల యూఎస్‌బీ 3 పోర్టులకు డ్రైవర్లు అందులో ఉండవు, కీబోర్డు, మౌస్ కూడా పలకవు.

లైనక్స్ వాడేవారి సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు: డ్రైవర్లు చాలావరకు దాని మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంటాయి కాబట్టి డిస్క్ తీసి పెట్టుకోండి, లేస్తుంది. ఎన్విడియా సొంత డ్రైవర్ ఉంటే ముందే తీసేయండి.

మరి సంపాదన యంత్రాలకు? నా ఓటు మూడో దారికి. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, పాత యంత్రంలోనే డిస్క్‌ను దానిలోకి క్లోన్ చేయండి. ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లా ఇందుకు సరిపోతుంది. పాత డిస్క్ తీసి అలమారాలో పెట్టండి. కొత్త బోర్డుకు క్లోన్‌ను తగిలించి, పాత విండోస్‌నే లేపి చూడండి. లేచి, చిప్‌సెట్ డ్రైవర్లు వేశాక మామూలు పని ఒక వారం సాఫీగా సాగితే ఉంచేసుకోండి. విండోస్ 11కి కూడా సాఫ్ట్‌వేర్లు చెరగకుండా పైనుంచే వెళ్లొచ్చు. మొండికేస్తే ఎస్‌ఎస్‌డీ తుడిచి కొత్తగా వేయండి. పోయేదేమీ లేదు, అసలు డిస్క్ భద్రంగా ఉంది. దీనికి ఖర్చు ఒక ఎస్‌ఎస్‌డీ. పాత హార్డ్ డిస్క్ మీద నడుస్తున్న యంత్రమైతే అది ఎలాగూ కొనాల్సిందే.

మహబూబ్‌నగర్‌లోనో వనపర్తిలోనో ఉన్న ఫొటో స్టూడియోకు నేను ఇందులోనూ చిన్న మార్పు చెబుతాను. ఆల్బమ్ డిజైన్లకు వాడే ఫొటోషాప్ ప్లగిన్లు, రంగుల అమరిక, నమూనా ఫైళ్ల కోసం మొదట పాత విండోస్‌తోనే సీజన్ గడపాలి. ఆషాఢంలో, శూన్యమాసంలో పని పల్చబడినప్పుడు తీరిగ్గా కొత్తగా వేసుకోవాలి. అప్పుడు కొత్త బోర్డుకు సంబంధించిన ల్యాన్, వైఫై డ్రైవర్లను ముందే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచుకోవాలి. విండోస్ 11 ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది, డ్రైవర్ లేకపోతే కదలదు. డ్రైవర్లు మరిచిపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేసినా చాలావరకు పని జరిగిపోతుంది. 11వ జనరేషన్, ఆపై ఇంటెల్ బోర్డుల్లో కొన్నిసార్లు ఇన్‌స్టాల్ తెర మీద ఎస్‌ఎస్‌డీయే కనిపించదు. అది చెడిపోలేదు, వెనక్కి ఇవ్వకండి. బయోస్‌లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్‌ను ఆపేస్తే, లేదా ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లోడ్ చేస్తే కనిపిస్తుంది.