అండమాన్‌లో క్రిస్మస్ ప్యాకేజీ: ‘ఆర్ సిమిలర్’ అన్న రెండు మాటలు మాకు ఎంత ఖర్చు పెట్టించాయో చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు ఎవరైనా ఈ క్రిస్మస్ సెలవులకు అండమాన్ ప్యాకేజీ మాట్లాడుకుంటూ ఉంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే ఇప్పుడే చదవండి, బ్యాలెన్స్ ఇంకా మీ చేతిలోనే ఉంది కాబట్టి.

పోయిన డిసెంబరులో మేం ఐదుగురం వెళ్లాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్త. ఫ్లైట్ టికెట్లు మేమే తీసుకున్నాం, మిగతాదంతా ప్యాకేజీ, ఐదు రాత్రులకు 1,32,000 రూపాయలు. ట్రావెల్స్ వాళ్ల పేరు రాయడం లేదు. కేసు నడుస్తోంది, తేలేదాకా పేరు ఎక్కడా పెట్టొద్దని లాయరు గట్టిగా చెప్పాడు. ఎవరని అడగొద్దు, ఎలా చేశారో మాత్రం పూర్తిగా చెప్తాను.

ముందు మా సిగ్గు సంగతి. మేం పుట్టి పెరిగింది తిరుపతిలోనే. బస్టాండులో దిగిన యాత్రికుల వెంటపడి ‘రూము చూపిస్తా రండి’ అనేవాళ్లని, దొంగ దర్శనం టికెట్టు కొనుక్కుని క్యూ దగ్గర ఆపేస్తే నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చునే వాళ్లని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. ఇంత చదువుకున్న వాళ్లు ఎలా మోసపోతారబ్బా అని మా ఇంట్లోనే ఎన్నిసార్లు అనుకున్నామో. బస్టాండు దగ్గర మా ఆయనకు బ్యాగుల షాపు, అంటే రోజుకు పదిమంది దళారులు ఆయన కళ్ల ముందే తిరుగుతుంటారు. అలాంటి మనిషి, ‘మన ఊరివాడే కదా, ఎక్కడికి పోతాడు’ అని 66,000 అడ్వాన్స్ ట్రావెల్స్ నడిపే అబ్బాయి సొంత ఫోన్‌పే నంబరుకు కొట్టేశాడు. కంపెనీ అకౌంట్ కాదు, జీఎస్టీ బిల్లు లేదు. నేను పక్కనే ఉన్నాను, నేనూ ఏమీ అనలేదు.

పిల్లలది కాన్వెంట్ స్కూలు, క్రిస్మస్‌కు వారం సెలవులు ఇస్తారు. ఆ తర్వాత వైకుంఠ ఏకాదశి, జనవరి ఫస్టు, అప్పుడు షాపు వదిలి కదిలే ఆశే లేదు. గోవా అంటే మా అత్త ఒప్పుకోలేదు. అండమాన్‌కు పాస్‌పోర్ట్ అక్కర్లేదు, చెన్నై నుంచి ఫ్లైట్ రెండు గంటల పైచిలుకు, అంతే. అలా కుదిరింది.

వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. హావ్‌లాక్ ద్వీపంలో సముద్రం ఒడ్డునే ఉన్న రిసార్ట్ ఫొటో, కొబ్బరిచెట్ల మధ్య ఊయల, పేజీ నిండా అదే. హోటల్ పేరు పెద్ద అక్షరాల్లో, దాని పక్కన చీమల్లాంటి అక్షరాల్లో ‘ఆర్ సిమిలర్’. అదిగానీ, అలాంటిదిగానీ అని. ఆ అలాంటిది ఏదో మేం అడగలేదు, వాడు చెప్పలేదు. అన్నట్టు, పేర్లు చూసి కంగారు పడకండి, పోర్ట్‌బ్లెయిర్‌ను 2024లో శ్రీ విజయపురం చేశారు, హావ్‌లాక్ 2018 నుంచే స్వరాజ్ ద్వీప్. టికెట్ల మీద పాతదీ కొత్తదీ రెండూ కనిపిస్తాయి.

అదే పీడీఎఫ్‌లో ఇంకో ముక్క ఉంది, అప్పుడే అనుమానం రావాల్సింది. ‘రెండో రోజు సాయంత్రం 6 గంటలకు రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం’ అని రాశాడు. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబరులో అక్కడ ఐదు గంటలకే పొద్దు గుంకుతుంది, ఆరింటికి చిమ్మచీకటి. ఈ మాట రాసినవాడు ఆ ద్వీపంలో కాలు పెట్టలేదని దీన్నిబట్టే చెప్పేయొచ్చు. మీ ఐటినరరీలో కూడా ఇలా ఉందేమో ఒకసారి చూసుకోండి.

మొదటి రోజు ఏ లోటూ లేదు. రాత్రి తిరుపతిలో బయల్దేరి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై, తెల్లవారుజామున ఫ్లైట్, దిగేసరికి బోర్డు పట్టుకుని డ్రైవరు. మంచి హోటలు, సాయంత్రం సెల్యులార్ జైలు. ‘చూశావా, ఊరికే అనుమానపడ్డావు’ అన్నాడు మా ఆయన.

రెండో రోజు పొద్దున ప్రైవేట్ బోటు కోసం హాడో జెట్టీకి తీసుకెళ్లి దింపారు. టికెట్లు వాట్సాప్‌లో వస్తాయన్నారు. ఫోన్ చేస్తే ‘రెండు నిమిషాలక్కా, పంపిస్తా ఉన్నా’. అందరూ ఆధార్ కార్డు, టికెట్టు చూపించి లోపలికి పోతున్నారు, మేం ఐదుగురం సూట్‌కేసుల మీద కూర్చుని ఫోన్ వంక చూస్తున్నాం. బోటు వెళ్లిపోయింది. ఆ తర్వాత తేలింది, టికెట్లు అసలు తీయలేదు. క్రిస్మస్ వారానికి ప్రైవేట్ బోట్ల సీట్లు ముందే అయిపోతాయి. ఇక గవర్నమెంట్ బోటు, అది ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, అందులో ద్వీపాల వాళ్లకే మొదట సీట్లు, అది న్యాయమే, వాళ్లకు అది మనకు ఆర్టీసీ బస్సు లాంటిది. ఎవరినో బతిమాలి మధ్యాహ్నానికి దొరికించుకున్నాం. స్వరాజ్ ద్వీప్‌లో దిగేసరికి పొద్దు వాలింది.

అక్కడ జీపు డ్రైవరు మా మాటలు విని ‘తెలుగోళ్లాండీ’ అన్నాడు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబమట. సూర్యాస్తమయం గురించి అడిగితే నవ్వి, ‘ఆరింటికి ఏటి కనబడద్దండీ, దోమలు తప్ప’ అన్నాడు.

ఇక హోటల్. జీపు సముద్రం వైపు పోకుండా లోపలికి తిరిగింది. రెండు పక్కలా వక్కతోటలు. చివర ఒక రెండంతస్తుల బిల్డింగు, కొత్తగా సున్నం కొట్టిన వాసన. ఒడ్డుకు కిలోమీటరున్నర. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఉంది, కింది గదులే కావాలని మూడుసార్లు చెప్పి ఉన్నాం, ఇచ్చింది పైన, లిఫ్ట్ లేదు. మా అత్త మెట్టు మెట్టుకూ గోడ పట్టుకుని ఎక్కింది. ఓచర్ మీద ‘సీ వ్యూ’ అని ఉంది. తలుపు తీస్తే మంచం వెనక గోడ మొత్తానికి నీలం సముద్రం వాల్‌పేపర్ అతికించి ఉంది, అందులో ఒక పడవ, రెండు కొబ్బరిచెట్లు, ఒక మూల తేమకు ఊడి వేలాడుతోంది. మా అత్త మంచం మీద కూలబడి, దాన్ని కాసేపు చూసి, ‘ఏం పాపా, సముద్రం ఈడుండాదా’ అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్లలు మాత్రం నవ్వారు.

24వ తేదీ పొద్దున కారు రాలేదు. అక్కడి ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే, ‘మీ పార్టీ నుంచి మాకు డబ్బు రాలేదు, వస్తేనే బండి’ అన్నాడు. మా పార్టీ ఏమిటి, మేం మొత్తం కట్టేశాం కదా అంటే, అప్పుడు తెలిసింది ఈ గొలుసు. తిరుపతిలో మనం కట్టింది చెన్నైలో ఒకరికి పోతుంది, చెన్నై వాడు ద్వీపంలో ఉన్న ఆపరేటర్‌కు ఇవ్వాలి, ఆ ఆపరేటర్ హోటల్‌కు, బోటుకు, జీపుకు కట్టాలి. ప్రతివాడూ తన వాటా ఉంచుకుని, సీజన్‌లో రేటు పెరిగితే తక్కువ రకం హోటల్‌కు మార్చేస్తాడు. అలా మార్చుకునే వెసులుబాటే ‘ఆర్ సిమిలర్’. గొలుసులో ఎక్కడ తెగినా ఇబ్బంది పడేది చివర సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డవాడు.

మధ్యాహ్నం రిసెప్షన్‌లో ఇంకో దెబ్బ. ఈ రాత్రి గాలా డిన్నర్, అంటే పండగ విందు, ఉంది, తప్పనిసరి, పెద్దవాళ్లకు 3,500, పిల్లలకు 1,750, మొత్తం 14,000 ఇప్పుడే కట్టాలి అన్నాడు మేనేజరు. మా ప్యాకేజీలో డిన్నర్ ఉంది కదా అన్నాను నాకొచ్చిన హిందీలో. అతను వాదించలేదు, కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. నవంబరులో పంపిన మెయిల్. గాలా డిన్నర్ అతిథులే నేరుగా కట్టాలని అందులో ఉంది, అది ఎవరెవరికి వెళ్లిందో ఆ జాబితాలో మా తిరుపతి ట్రావెల్స్ మెయిల్ ఐడీ కూడా ఉంది. నెల ముందే వాడికి తెలుసు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. 24న, 31న రాత్రి ఇలా కట్టించడం చాలా బీచ్ హోటళ్లలో మామూలేనట, గోవాలో కూడా, తెలిసినవాళ్లు లెక్కలో వేసుకునే వస్తారట. తెలియని మేం కట్టాం. 14,000కు వచ్చినవి, ఐదు ఎర్ర టోపీలు, చెవులు చిల్లులు పడే పాటలు, చల్లారిన బిరియాని. మా అత్త పెరుగన్నం అడిగి తెప్పించుకుని, టోపీ పెట్టుకునే తిన్నది.

ఫోన్ సిగ్నల్ కోసం మా ఆయన రోడ్డు మీదికి పోయి కొబ్బరిచెట్టు కింద నిలబడి మాట్లాడాడు. ‘మీరు ఆడ కట్టేయండన్నా, తిరుపతి రాంగానే ఇచ్చేస్తా’ అన్నాడట ట్రావెల్స్ అబ్బాయి. జీపుకు రెండు రోజులకు 7,500, తిరుగు బోటు టికెట్లకు మళ్లీ 8,500 (అవీ తీయలేదు), గాలా డిన్నర్‌తో కలిపి సరిగ్గా 30,000 మా జేబులోంచి పోయాయి.

న్యాయంగా ఒకటి చెప్పాలి, 25 పొద్దున రాధానగర్ బీచ్ చూశాక ఓ గంటసేపు అన్నీ మర్చిపోయాం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది దీన్నే. పిండిలాంటి ఇసుక, వెనక పెద్ద పెద్ద అడవి చెట్లు. దారిలో ఊళ్ల పేర్లు గోవింద్ నగర్, శ్యామ్ నగర్, కృష్ణ నగర్ అని చదువుకుంటూ మా అత్త మోకాళ్ల సంగతి కూడా మర్చిపోయింది. ద్వీపం తప్పు ఏమీ లేదు.

తిరిగొచ్చాక ఆఫీసుకు వెళ్తే, ఆ పీడీఎఫ్ ప్రింట్ తీసి, బాల్‌పెన్నుతో ‘ఆర్ సిమిలర్’ చుట్టూ గుండ్రంగా గీసి చూపించాడు. ‘రాసిందే కదక్కా ఇచ్చినాము’ అన్నాడు. వచ్చే టూర్‌లో 5,000 తగ్గిస్తాడట.

అందుకే చెప్తున్నా. ఆ రెండు మాటలు కొట్టేయించండి, కుదరదంటే ఆ రెండో హోటల్ పేరు కూడా రాసిమ్మనండి. రాసిచ్చాక కూడా నమ్మొద్దు. హోటల్ నంబరు ట్రావెల్స్ వాణ్ణి అడక్కుండా మ్యాప్‌లో మీరే వెతికి, హోటల్‌కు నేరుగా ఫోన్ చేయండి. మా పేరు మీద ఫలానా తేదీకి బుకింగ్ ఉందా, డబ్బు అందిందా, ఏ గదులు, ఎన్నో అంతస్తు, 24న 31న గాలా డిన్నర్ ఉంటే ఎవరు కట్టాలి, ఇవన్నీ అడగండి. ఐదు నిమిషాల పని. మీ పేరు హోటల్ వాళ్ల నోట వినేదాకా బ్యాలెన్స్ కట్టొద్దు. ‘బీచ్ ఫ్రంట్’ అంటే ఏ బీచో కూడా అడగండి. విజయ్ నగర్, గోవింద్ నగర్ వైపు ఆటుపోట్లలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు పగడపు రాళ్లే మిగులుతాయి, అప్పుడు స్నానం కుదరదు, ఫొటో మాత్రం నీళ్లు నిండా ఉన్నప్పుడే తీస్తారు.

బోటు టికెట్లు రానూ పోనూ మీ పేర్లతో చేతికొచ్చాకే బయల్దేరండి, వీలైతే మీరే బుక్ చేసుకోండి. ఇంకో సంగతి, డిసెంబరు అంటే బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం కూడా. 2016 డిసెంబరులో సముద్రం అల్లకల్లోలమై బోట్లు ఆగిపోతే వెయ్యి మందికి పైగా టూరిస్టులు హావ్‌లాక్‌లో ఇరుక్కుపోయారు, నేవీ, కోస్ట్ గార్డ్ వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. బోటు రద్దయితే అదనపు రోజు ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి, ఫ్లైట్‌కు ముందు రాత్రి తప్పకుండా శ్రీ విజయపురంలోనే ఉండేలా చూసుకోండి. మాకు ఆ ఒక్క విషయంలో అదృష్టం కలిసొచ్చింది.

డబ్బు కంపెనీ బ్యాంకు అకౌంటుకే పంపండి, బిల్లు తీసుకోండి. మా దగ్గర బిల్లు లేకపోయినా వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, ఆ మేనేజరు స్క్రీన్‌కు నేను తీసుకున్న ఫొటో ఉండబట్టి బతికాం. ముందు 1915కు ఫోన్ చేశాం, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ట్రావెల్స్ వాళ్లు దానికి జవాబే ఇవ్వలేదు. తర్వాత లాయర్ నోటీసు, మార్చిలో కేసు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, చెన్నైకో అండమాన్‌కో పరిగెత్తక్కర్లేదు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. నోటీసు అందాక గాలా డిన్నర్ 14,000 మాత్రం తిరిగి పంపాడు, అదీ సొంత ఫోన్‌పే నుంచే. మిగతాది నడుస్తోంది.

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అదే ఆఫీసులో, అదే రిసార్ట్ ఫొటో చూసి, ఈ క్రిస్మస్‌కు 40,000 అడ్వాన్స్ కట్టిందట. ఫోన్ పెట్టేసి వెంటనే హోటల్‌కు చేయమన్నాను. పది నిమిషాల్లో మళ్లీ చేసింది. ఆ తేదీల్లో గదులన్నీ ఎప్పుడో నిండిపోయాయట, తన పేరు మీద బుకింగే లేదట.