దిశ మేలా, పోక్సో మేలా? 21 రోజుల లెక్క

పసిపిల్లల మీద అఘాయిత్యం వార్త వచ్చిన ప్రతిసారీ పాఠకుల నుంచి అదే ప్రశ్న: దిశ చట్టం ఉండి ఉంటే వాడికి ఈపాటికి ఉరి పడేది కాదా?

ముందు ఒక సంగతి. దిశ ఇప్పటిదాకా చట్టమే కాలేదు. ఇలాంటి కేసులు 21 పనిదినాల్లో తేలాలంటూ 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ బిల్లును పాస్ చేసింది, 2020లో సవరించి మళ్లీ పాస్ చేసింది. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయొచ్చు. కేంద్ర చట్టంతో తేడా ఉంటే రాజ్యాంగం 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి, అది రాలేదు. రాజమహేంద్రవరంతో మొదలైన దిశ స్టేషన్లు, దిశ యాప్ ప్రభుత్వ ఉత్తర్వులతో నడిచినవి. అక్కడ ఎఫ్‌ఐఆర్‌లో వేసిన సెక్షన్లు మాత్రం ఐపీసీవి (భారత శిక్షాస్మృతి), పోక్సోవే (పిల్లలపై లైంగిక నేరాలకు ఉన్న కేంద్ర చట్టం).

శిక్ష సంగతికొస్తే, చాలామంది అనుకున్నంత తేడా లేదు. దిశ బిల్లుకు నాలుగు నెలల ముందే, 2019 ఆగస్టులో, పోక్సోకు కోరలు పెట్టారు. పదహారేళ్లలోపు పిల్లలపై అత్యాచారం స్థాయి లైంగిక దాడికి సెక్షన్ 4 కింద కనీసం 20 ఏళ్లు. పన్నెండేళ్లలోపు పిల్లలైనా, చేసింది బంధువో టీచరో పోలీసో అయినా సెక్షన్ 6: కనీసం 20 ఏళ్లు, ఆపైన చచ్చేదాకా జైలు, లేదా ఉరి. అంటే ఉరి ఇప్పటికే ఉంది. దిశ నిజంగా కొత్తగా తెచ్చింది కింది మెట్టులో: ఒంటిమీద చేతులు వేయడంలాంటి నేరాలకు పోక్సోలో 3 నుంచి 7 ఏళ్లే. దిశ దాన్ని యావజ్జీవం దాకా పెంచాలంది. ఆ ఒక్క విషయంలో దిశకే నా ఓటు.

కానీ నా దృష్టిలో కేసును గెలిపించేది, ఓడించేది శిక్ష కాదు, రోజుల లెక్క. దిశలో దర్యాప్తుకు 7 పనిదినాలు, విచారణకు 14, మొత్తం 21. పోక్సో కేసులో దర్యాప్తుకు రెండు నెలలు. కోర్టు కేసు చేపట్టాక 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం, వీలైనంతవరకు ఏడాదిలో తీర్పు.

ఇప్పుడు ఆ 7 రోజుల్లో ఏం పట్టాలో చూడండి. వైద్య పరీక్ష నివేదిక పంపడానికే డాక్టరుకు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 184 ఏడు రోజులిచ్చింది. బిడ్డ వయసుకు స్కూలు సర్టిఫికెట్ గానీ, పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం గానీ లేకపోతే ఎముకల పరీక్షకు వెళ్లాలి. దానికి జువెనైల్ జస్టిస్ చట్టంలో 15 రోజుల గడువుంది. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం వేరే. ఇక డీఎన్‌ఏ. తిరుగులేని ఆధారం ఉన్న కేసులకే 21 రోజులు అంటుంది బిల్లు. ఆ తిరుగులేని ఆధారం చాలా కేసుల్లో ల్యాబు నుంచే రావాలి! రిపోర్టు రాకుండా ఛార్జిషీటు వేసి, తర్వాత అదనపు ఛార్జిషీటు వేయొచ్చు. అప్పుడు 14 రోజుల విచారణ ఎక్కడ నిలుస్తుంది?

తొందరపడితే ఏమవుతుందో ఖాండ్వా కేసు చూపించింది. 2013లో మధ్యప్రదేశ్‌లో తొమ్మిదేళ్ల పాప హత్యాచారం. 13 రోజుల్లో విచారణ ముగించి ఉరిశిక్ష విధించారు. నిందితుడికి లీగల్ ఎయిడ్ లాయరును ఇచ్చిన రోజే అభియోగాలూ నమోదు చేశారు, కాగితాలు చదివే వ్యవధి లేదు. దిశ బిల్లు పాసైన ఐదో రోజున, 2019 డిసెంబరు 18న, సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి మళ్లీ విచారించమంది. మళ్లీ ఉరి, మళ్లీ రద్దు. చివరికి 2024లో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. 13 రోజుల్లో తేలిన కేసు 11 ఏళ్లకు మొదటికొచ్చింది.

వరంగల్‌లో ఇంకోలా జరిగింది. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసికందు కేసు. కొత్త చట్టమేదీ లేకుండానే దాదాపు 50 రోజుల్లో తీర్పొచ్చింది. హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది గానీ నేరం మాత్రం నిలబడింది.

మహారాష్ట్ర శక్తి బిల్లు, బెంగాల్ అపరాజిత బిల్లు కూడా ఈ బాటలోవే: దర్యాప్తుకు మహారాష్ట్ర 30 రోజులంది, బెంగాల్ 21. పన్నెండేళ్లలోపు ఆడపిల్లలపై అత్యాచారానికి ఉరి అంటూ మధ్యప్రదేశ్ 2017లో పాస్ చేసిన బిల్లుతో ఇప్పుడు పెద్ద పనిలేదు, మరుసటి ఏడాదే కేంద్రం ఆ శిక్షను తెచ్చింది.

ఇంకో చిక్కు ఇంట్లోనే ఉంటుంది. ఈ కేసుల్లో నిందితుడు ఎక్కువగా తెలిసినవాడే. బాబాయికో మేనమామకో ఉరి పడుతుందంటే ఇల్లంతా తల్లి మీద పడుతుంది, సాక్షులు అడ్డం తిరుగుతారు. శిక్ష పెంచితే ఆ ఒత్తిడీ పెరుగుతుంది.

కాబట్టి నేను పోక్సో వైపే. అందులో రాసి ఉన్నవాటిని పట్టుబట్టి చేయించుకోవాలి. యూనిఫాం లేకుండా మహిళా ఎస్‌ఐ ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. బిడ్డను రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు సమాచారం వెళ్లాలి. వైద్య పరీక్షకు ముందు స్నానం చేయించొద్దు. 96 గంటల్లోపైతే స్వాబుల్లో (ఒంటి నుంచి దూదిపుల్లతో తీసే నమూనాల్లో) ఆధారం దొరికే అవకాశం ఉంటుంది, ఎంత ముందైతే అంత మంచిది. బట్టలు ఉతకొద్దు. తడిబట్టను ప్లాస్టిక్ కవర్లో మూటగడితే బూజుపట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. నీడలో ఆరనిచ్చి, ఒక్కో బట్టను విడిగా కాగితపు కవర్లో పెట్టి సీలు వేయాలి. సీజ్ చేసిన తేదీకీ, ల్యాబుకు పంపిన తేదీకీ మధ్య ఆ కవరు ఎక్కడుందో రాసి లేకపోతే డిఫెన్స్ లాయరు పట్టుకునేది ముందు దాన్నే.

పరిహారానికి తీర్పుదాకా ఆగక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ నమోదయ్యాక ఎప్పుడైనా ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు. తోడుగా ఉండే సపోర్ట్ పర్సన్‌ను బాలల సంక్షేమ కమిటీనే అడగాలి.