పీణ్యా బోర్డుల యూనిట్: వయా 0.3 అయితే ధీమాగా ఇవ్వొచ్చు

బెంగళూరు పీణ్యాలో రెండు పొరల ప్రొటోటైప్ సర్క్యూట్ బోర్డులు చేసిచ్చే చిన్న యూనిట్ ఇది. 1.6 మి.మీ. మందం బోర్డుకి వయా (రెండు పొరల్నీ కలిపే, లోపల రాగి పూత ఉన్న రంధ్రం) 0.3 మి.మీ. రంధ్రం, 0.6 మి.మీ. ప్యాడ్ (దాని చుట్టూ ఉండే రాగి బిళ్ల)తో పెట్టండి. చుట్టూ 0.15 రాగి వలయం మిగులుతుంది కాబట్టి డ్రిల్లు కాస్త పక్కకు జరిగినా అంచు తెగదు.

0.2 కూడా చేస్తామంటారు. వద్దు. మందం రంధ్రానికి ఎనిమిది రెట్లవుతుంది. రంధ్రం గోడకు రాగి పూత వేసే ప్లేటింగ్ ద్రావణం సరిగ్గా పారక నడుమ రాగి పలచబడుతుంది. మీటరు పెడితే కనెక్షన్ బాగానే చూపిస్తుంది గానీ, సోల్డరింగ్ వేడికి బోర్డు ఉబ్బినప్పుడు సరిగ్గా అక్కడే చీలుతుంది.

పెద్ద లోటు ఆర్డర్ ఫారంలో ఉంది. ఇచ్చిన సైజు ప్లేటింగ్‌కి ముందుదా, తర్వాతదా అని అడగరు. తర్వాతదనుకుని, పూతకు చోటు వదిలి 0.4 డ్రిల్లు వేస్తే వలయం 0.1కి పడిపోతుంది. "వయాలకు 0.3 డ్రిల్లే" అని ఫైల్‌తోపాటు రాసివ్వండి. ఫైళ్లు చూసే అబ్బాయి తెలుగువాడే, ఫోన్‌లో ఓపిగ్గా మాట్లాడతాడు.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది: అడిగితే రంధ్రాన్ని నిలువుగా కోసి మైక్రోస్కోప్ ఫొటో పంపుతారు. గోడ మందం 25 మైక్రాన్లుంటే ఒక్కో వయా, 35 మైక్రాన్ల రాగి మీద 0.6 మి.మీ. వెడల్పు ట్రాకుతో (రాగి గీతతో) సమానం. 2 ఆంపియర్ల పవర్ లైనుకి నాలుగు పెట్టండి.

ఐసీని సోల్డర్ చేసే ప్యాడ్ మధ్యలో వయా మాత్రం ఇక్కడ కుదరదు. రంధ్రాన్ని పూడ్చే సదుపాయం లేదు, సోల్డర్ రంధ్రంలోకి జారిపోయి ఐసీ కింద ఖాళీ పడుతుంది.