మెట్ల షాఫ్ట్‌కు రివాల్వ్ మేలా, వరుస ఎక్స్‌ట్రూడ్‌లు మేలా?

ఒకే అక్షం మీద వేర్వేరు వ్యాసాలు వరుసగా ఉండే షాఫ్ట్‌ను (యంత్రపు ఇరుసును) క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్‌లో, రెండు విధాలుగా తయారుచేయవచ్చు: సగం కోత ఆకారాన్ని గీసి అక్షం చుట్టూ 360 డిగ్రీలు తిప్పడం (రివాల్వ్) ఒకటి, వృత్తాన్ని సాగదీసి దాని చివరి ముఖం మీద మరో వృత్తం గీసి మళ్ళీ సాగదీయడం (ఎక్స్‌ట్రూడ్) రెండవది. ఖర్చులో తేడా లేదు. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోనూ రెండూ ఉన్నాయి.

శ్రమ: ఆరు మెట్లకు రివాల్వ్‌లో ఒకే స్కెచ్ (చదునైన గీత చిత్రం) చాలు, ఎక్స్‌ట్రూడ్‌లో ఆరు కావాలి.

ముప్పు: రివాల్వ్‌లో ఆకారం అక్షాన్ని దాటితే ఘనం ఏర్పడదు, గీత ఎక్కడైనా తెగి ఉంటే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ ఘనానికి బదులు ఉపరితలాన్ని (మందం లేని పైపొరను) ఇస్తుంది. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు మాత్రం వేరు. 40 మిల్లీమీటర్ల వ్యాసం కావలసినచోట అక్షం నుంచి గీతకు 40 అని ఇస్తే, తయారయ్యే షాఫ్ట్ వ్యాసం 80 అవుతుంది. సాలిడ్‌వర్క్స్ అనే మరో క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో సెంటర్‌లైన్‌నూ (అక్షపు గీతనూ) ఆకారపు గీతనూ ఎంచుకుని, కర్సర్‌ను సెంటర్‌లైన్‌కు అవతలి వైపు జరిపి కొలతను ఉంచితే నేరుగా వ్యాసమే నమోదవుతుంది; ఈ అలవాటును మొదటి రోజే నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎక్స్‌ట్రూడ్‌లో ఈ చిక్కు లేదు, కానీ మధ్య మెట్టును తొలగిస్తే దాని ముఖం మీద గీసిన స్కెచ్‌లన్నీ ఆధారం కోల్పోతాయి.

కీవేను (షాఫ్ట్‌ను చక్రంతో బిగించే చీల కూర్చునే గాడిని) రెండింటిలోనూ విడిగా కోయవలసిందే.

టేపర్ (క్రమంగా సన్నబడే భాగం), వంపు, ఓ-రింగ్ (రబ్బరు సీలు వలయం) గాడి ఉన్న లేత్ పనికి, పుల్లీకి, బుష్‌కు (షాఫ్ట్ తిరిగే గొట్టపు తొడుగుకు) రివాల్వ్ సరిపోతుంది. రెండు మెట్ల పిన్‌కు, మధ్యలో షడ్భుజి తల ఉన్న భాగానికి ఎక్స్‌ట్రూడే సులువు.