అకీరా బాక్స్ సెట్: హాలీవుడ్ తీయలేకపోయిన కథ

కత్సుహిరో ఒటోమో 1982 నుంచి 1990 వరకు జపాన్‌లోని ‘యంగ్ మ్యాగజైన్’లో ధారావాహికగా గీసిన మాంగా (జపనీస్ కామిక్) ‘అకీరా’ను కోడాన్షా కామిక్స్ 2017లో 35వ వార్షికోత్సవ బాక్స్ సెట్‌గా తెచ్చింది. ఇందులో రెండు వేల పేజీలు దాటిన కథ గట్టి అట్టలతో ఆరు సంపుటాలుగా ఉంటుంది. ‘అకీరా క్లబ్’ అనే బొమ్మల పుస్తకం అదనం. హాలీవుడ్ సంస్థ వార్నర్ బ్రదర్స్ 2002లో దీన్ని నటులతో సినిమాగా తీసే హక్కులు కొని, దర్శకుల తర్వాత దర్శకులను మార్చి, 2025లో చివరికి ఆ హక్కులను వదులుకుంది. ఆ సినిమా ఎందుకు తెరకెక్కలేదో ఈ సంపుటాలు చదివితే అర్థమవుతుంది.

మూడో సంపుటం చివర, కథ జరిగే నగరం నియో టోక్యో (నాశనమైన టోక్యో స్థానంలో కట్టినది) కూలిపోయే ఘట్టాన్ని చూడండి. పేజీ తర్వాత పేజీ మాటలు లేకుండా సాగుతుంది. ఒరిగిపోతున్న ఆకాశహర్మ్యాల కిటికీలను కూడా ఒటోమో ఎంతో ఓపికగా గీశారు. ఏ సినిమాకైనా పతాక సన్నివేశం కాగల ఈ వినాశనం ఇక్కడ కథకు సగంలోనే వస్తుంది, మిగిలిన మూడు సంపుటాలూ శిథిలాల మధ్య బతికేవాళ్ల గురించే. ఒటోమో స్వయంగా దర్శకత్వం వహించిన 1988 నాటి యానిమేషన్ చిత్రం కూడా, అప్పటికి కథ పూర్తి కాకపోవడం వల్ల, ఈ రెండో సగాన్ని చాలావరకు వదిలేయవలసి వచ్చింది.

హాలీవుడ్ ఒక దశలో కథను న్యూయార్క్‌కు మార్చాలనుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. టోక్యో మీద బాంబు పడటంతో మొదలై, 2020 ఒలింపిక్స్‌కు సిద్ధమవుతున్న నగరంలో నడిచే కథ ఇది. యుద్ధంలో కాలిపోయి మళ్లీ లేచిన ఆ ఊరి జ్ఞాపకాన్ని తీసేస్తే కథలోని కుర్రాళ్ల ముఠా నడిపే మోటారుసైకిళ్లు మాత్రమే మిగులుతాయి. 2017లో ఈ సినిమా దర్శకత్వ బాధ్యత చేపట్టిన తైకా వైటీటీ మూల కథకే కట్టుబడతానని, పాత్రలకు ఆసియా కుర్రాళ్లనే తీసుకుంటానని చెప్పారు. 2021 మే 21న విడుదలని ప్రకటించాక కూడా, 2019లో ఆయన మార్వెల్ వారి సూపర్ హీరో ‘థోర్’ చిత్రం వైపు వెళ్లడంతో అది ఆగిపోయింది. ఆగిన ప్రయత్నాలన్నింటిలో నాకు నిజంగా బాధ కలిగించినది ఇదొక్కటే.

ఇక సెట్ విషయానికి వస్తే, మూలంలోలాగే కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదటి అధ్యాయం దాటేసరికి కన్ను అలవాటు పడుతుంది. పేలుళ్లు, ఇంజన్ల చప్పుళ్లను సూచించే జపనీస్ అక్షరాలను బొమ్మల్లో అలాగే ఉంచి, వాటి అర్థాలను సంపుటం చివర ఇచ్చారు. బొమ్మను చెరపకపోవడం గొప్ప నిర్ణయమే కానీ, మాటిమాటికీ వెనక్కి తిప్పితే కథ వేగం దెబ్బతింటుంది కనుక మొదటిసారి ఆ పట్టికను పట్టించుకోకుండా చదవడం మేలు. సంపుటాలు బరువైనవి, బల్ల మీద పెట్టుకుని చదవడమే సుఖం. ‘అకీరా క్లబ్’ను మాత్రం ఆరో సంపుటం ముగిసేదాకా తెరవకండి, పత్రికలో వచ్చిన శీర్షిక చిత్రాల విలువ కథంతా తెలిశాకే బోధపడుతుంది.